ఇత్తడి బిళ్ళ

మౌలాలి గుట్ట ఎక్కేటప్పుడు చూపంతా మెట్ల మీదే ఉంటుంది. ఊరు కనబడేది దిగేటప్పుడే. పాయలు పాయలుగా విడిపోయే రైలు పట్టాలు, లోకో షెడ్డు, దానికి అవతల వరసలు కట్టిన రేకుల కప్పులు, ఆ రేకుల మధ్య నిన్న మొన్న లేచిన అపార్ట్‌మెంట్లు. కుతుబ్‌షాహీల కాలంలో కొలువులో పనిచేసే యాకూత్ అనే ఆయనకు ఓ రాత్రి కల వచ్చిందట. కలలో హజ్రత్ అలీ ఈ గుట్ట మీద బండకు చెయ్యి ఆనించి కూర్చున్నాడట. తెల్లారి వచ్చి చూస్తే బండ మీద చేతి గుర్తు ఉందట. ఊరి పేరు ఆ కల నుంచి పుట్టింది. రజబ్ నెలలో ఇప్పటికీ వేలమంది ఆ చేతి గుర్తు కోసం మెట్లెక్కుతారు. గుట్ట కింద ఇనుమును అరగదీసి అరగదీసి అరిగిపోయిన చేతులు ఎన్ని వేలో, వాటి గుర్తు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు ఎవరూ లేరు.

నాకు ఊహ తెలిసేనాటికి ఇక్కడ ఇళ్ళలో గడియారం చూసి వంట మొదలుపెట్టేవాళ్ళు తక్కువ. సైరన్ విని మొదలుపెట్టేవాళ్ళు. చుట్టూ ఎటు చూసినా పనే. కుషాయిగూడ వైపు వెళ్తే ఈసీఐఎల్, దాన్ని ఆనుకుని ఎన్‌ఎఫ్‌సీ, ఇటు నాచారం, మల్లాపూర్, అటు చర్లపల్లి పారిశ్రామికవాడలు. మౌలాలికి సొంతమని చెప్పుకోదగ్గది బేరింగ్ ఫ్యాక్టరీ. మొదట దాని పేరు ఇండో-నిప్పన్ ప్రెసిషన్ బేరింగ్స్. జపాన్ వాళ్ళ సాంకేతిక సాయంతో పెట్టారన్న సంగతి పేరులోనే ఉంది. 1981లో హెచ్‌ఎంటీ చేతికి వచ్చి హెచ్‌ఎంటీ బేరింగ్స్ అయింది. చేతికి కట్టుకునే గడియారం హెచ్‌ఎంటీ, బండి చక్రం తిప్పే బేరింగూ హెచ్‌ఎంటీయే అని గర్వంగా చెప్పుకునే రోజులవి.

బేరింగ్ చెయ్యడం చూడని వాళ్ళకు అది గోళీలు పోసిన ఉంగరంలా కనబడుతుంది. దాని వెనక పని చాలా ఉంది. ఉక్కు వలయాన్ని లేతు మీద చెక్కాలి. కొలిమిలో ఎర్రగా కాల్చి నూనెలో ముంచాలి. మళ్ళీ సన్నటి సెగ మీద పెళుసుతనం తగ్గించాలి. ఆ తర్వాత గ్రైండింగ్. తలవెంట్రుక మందంలో పదో వంతో ఇరవయ్యో వంతో తేడా వచ్చినా బేరింగ్ కూస్తుంది, వేడెక్కుతుంది, చివరికి చక్రాన్ని పట్టేస్తుంది. ఇందులో అడుగడుగునా ఓ గండం. కాలిన ముక్క నూనెలో పూర్తిగా మునగకుండా సగంలో ఆగిపోతే తొట్టి భగ్గుమంటుంది. కూలెంటు తుంపర రోజూ పడి పడి ముంజేతుల చర్మం పొక్కుతుంది. గ్రైండింగ్ చక్రానికి కంటికి కనబడని బీట ఉంటే, అది తిరిగే వేగానికి తునకలైపోయి తుపాకీ గుళ్ళలా వస్తుంది.

అందుకే కొత్త చక్రాన్ని మిషన్‌కు ఎక్కించే ముందు కర్ర సుత్తితో మెల్లగా తట్టి చూస్తారు. గట్టి చక్రం ఖంగుమంటుంది. బీట పడ్డది మొద్దుగా పలుకుతుంది. సంతలో కుండను వేలితో కొట్టి కొనడం లాంటిదే. ఈ పాఠం నాకు నేర్పింది మా మామ. ఆయన ఈ చుట్టుపక్కలే ఓ కార్ఖానాలో ముప్ఫై ఏళ్ళకు పైగా గ్రైండర్‌గా పనిచేశాడు. అది ఏ కార్ఖానానో ఇక్కడ రాయను. ఆయన ఇప్పటికీ మార్కెట్లో కొబ్బరికాయ కొనేటప్పుడు కూడా రెండుసార్లు తడతాడు.

మామ దగ్గర ఓ ఇత్తడి బిళ్ళ ఉంది. పాత రూపాయి కన్నా కాస్త పెద్దది. పైన మేకుకు తగిలించడానికి ఓ రంధ్రం, మధ్యలో కొట్టిన నంబరు. కార్డులూ వేలిముద్రల యంత్రాలూ రాకముందు కార్ఖానా గేటు దగ్గర టైం ఆఫీసు అని ఓ చిన్న గది ఉండేది. దాని గోడకు చెక్క పలక, పలకంతా మేకులు, ప్రతి మేకు కింద ఓ నంబరు. పనివాడు వస్తూనే తన బిళ్ళను మేకు నుంచి తీసి పెట్టెలో వేసి లోపలికి వెళ్తాడు. టైంకీపర్ పెట్టె తెరిచి, బిళ్ళలు లెక్కపెట్టి, హాజరు పట్టీ నింపుతాడు. షిఫ్టు దిగి అందరూ వెళ్ళాక బిళ్ళలన్నీ తిరిగి మేకులకు చేరాలి. ఏదైనా మేకు ఖాళీగా ఉందంటే మనిషి ఇంకా లోపలే ఉన్నాడన్నమాట. ఆ మనిషి సంగతి తేలేదాకా టైంకీపర్ ఇంటికి కదిలేవాడు కాదని మామ చెబుతాడు. సింగరేణి బొగ్గు బావుల్లో లాంప్ రూముదీ ఇదే పద్ధతి. దిగేటప్పుడు దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటారు. షిఫ్టు అయ్యాక తిరిగిరాని దీపం ఒక్కటున్నా బావి దగ్గర కలకలం మొదలవుతుంది.

జీతం కోసం, ఆలస్యానికి కోత వెయ్యడం కోసం పుట్టిన ఏర్పాటే ఇది. యజమాని ప్రేమతో పెట్టింది కాదు. అయినా దానివల్ల లోపల ఎవరున్నారో గేటు దగ్గర ఓ మనిషికి కచ్చితంగా తెలిసేది.

దాని చుట్టూ ఇంకా కొన్ని ఏర్పాట్లు అల్లుకుని ఉండేవి. 1948 ఫ్యాక్టరీల చట్టం అంకెల చట్టం. 250 మంది దాటితే క్యాంటీన్. 500 మంది ఉంటే అంబులెన్స్ గది, సంక్షేమ అధికారి. వెయ్యి మంది ఉంటే సేఫ్టీ ఆఫీసర్. 1984 డిసెంబరు రాత్రి భోపాల్ ఊపిరి ఆగాక, 1987లో ఆ చట్టానికి కొత్త సెక్షన్లు కలిపారు. ప్రమాదకరమైన ప్రక్రియలున్న చోట యాజమాన్యమూ కార్మికులూ సమానంగా కూర్చునే భద్రతా కమిటీ ఉండాలన్నారు. ముప్పు కళ్ళెదుట కనబడితే పైవాళ్ళకు చెప్పి హెచ్చరించే హక్కు కార్మికుడికి ఉందన్నారు. ఏటా మార్చి 4న జాతీయ భద్రతా దినోత్సవం. ఆకుపచ్చ జెండా ఎగరేసేవాళ్ళు, ప్రమాణం చేయించేవాళ్ళు, పిల్లలకు వ్యాసరచన పోటీ పెట్టేవాళ్ళు. ఓ ఏడు నాకూ రెండో బహుమతిగా స్టీలు టిఫిన్ డబ్బా వచ్చింది. వ్యాసంలో ఏం రాశానో గుర్తులేదు. డబ్బా మాత్రం ఇంకా ఉంది.

పాత రోజులను నెత్తిన పెట్టుకుంటున్నానని అనుకోకండి. మామకు ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి సగం పోయింది. ఫోన్లో ఆయన మాట్లాడితే వీధి చివర దుకాణానికి వినబడుతుంది. శబ్దం వల్ల వచ్చే చెవుడు ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో ఉండేది, అంటే వైద్యుడు గుర్తిస్తే చీఫ్ ఇన్‌స్పెక్టర్‌కు తెలియజేయాల్సిన జబ్బు. మామ చెవుల గురించి ఎవరూ ఎవరికీ తెలియజేయలేదు. చెవుల్లో పెట్టుకోమని దూది ఇచ్చేవారట. ఆయన స్నేహితుల్లో పది వేళ్ళూ ఉన్నవాళ్ళు ఎందరో లెక్కపెట్టడానికి ఒక చెయ్యి చాలు. కానీ వేలు తెగిన రోజున, ఎవరి వేలు ఎన్ని గంటలకు ఏ మిషన్ మీద తెగిందో ఓ పుస్తకంలోకి ఎక్కేది. ఈఎస్ఐ ఆస్పత్రికి కాగితం వెళ్ళేది. సాయంత్రానికి యూనియన్ వాళ్ళు గేటు ముందు నిలబడేవాళ్ళు. ఆ తెగిన వేలికి ఓ చిరునామా ఉండేది.

1991 తర్వాత గాలి మారింది. బయటి సరుకు చవగ్గా రావడం మొదలైంది. బేరింగ్ నాణ్యతను వెంట్రుకలో పదో వంతు దాకా కొలిచినవాళ్ళు బజారు ధరను కొలవలేకపోయారు. పాత మిషన్ల స్థానంలో కొత్తవి పెట్టడానికి డబ్బు రాలేదు. ఢిల్లీలో ఫైళ్ళు ఒక మంత్రిత్వశాఖ బల్ల మీంచి ఇంకో బల్ల మీదికి వెళ్ళి వచ్చాయి. సనత్‌నగర్ ఆల్విన్, కవాడిగూడ ప్రాగా టూల్స్, బాలానగర్ ఐడీపీఎల్ ఒకదాని వెనక ఒకటి నీరసించాయి. ఇలాంటి కార్ఖానాలు చచ్చే వరసంతా ఒకటే. ముందు రిక్రూట్‌మెంట్ ఆగుతుంది. తర్వాత స్పేర్ పార్టులు ఆగుతాయి. తర్వాత క్యాంటీన్‌లో ఇడ్లీ చిన్నదవుతుంది. డిస్పెన్సరీకి డాక్టరు వారానికి రెండుసార్లే వస్తాడు. జీతం నెలాఖరు దాటుతుంది. చివరికి ఓ రోజు నోటీసు బోర్డు మీద వీఆర్ఎస్ కాగితం అంటిస్తారు. 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం హెచ్‌ఎంటీ వాచెస్, హెచ్‌ఎంటీ చినార్ వాచెస్‌తో పాటు హెచ్‌ఎంటీ బేరింగ్స్‌నూ మూసెయ్యాలని నిర్ణయించింది. మిగిలిన ఉద్యోగులకు 2007 నాటి వేతన స్కేళ్ళ లెక్కన స్వచ్ఛంద విరమణ ఇస్తామన్నారు. మా వీధిలో ఆ మాట వింటే నవ్వేవాళ్ళు. స్వచ్ఛందమట!

కార్ఖానా పోయినంత మాత్రాన పని పోలేదు. మౌలాలిలో చప్పుడు ఆగిన ఏడాదే లేదు. ఇక్కడి పెద్ద షెడ్డులో ఆగిన లేతులు వెనక సందుల్లో చిన్న షెడ్లలో తిరిగాయి, ఒక్కో షెడ్డులో ఐదుగురు, ఎనిమిది మంది. ఐడీపీఎల్‌లో రసాయనశాస్త్రం నేర్చుకున్నవాళ్ళు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టారు. డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డిగారూ మొదట్లో అక్కడ పనిచేసినవారే. హైదరాబాద్ చుట్టూ జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు, పాశమైలారం మందుల ఊళ్ళయ్యాయి. ప్రపంచానికి జ్వరం బిళ్ళలు ఇక్కడి నుంచి వెళ్తాయి. ఈ ఎదుగుదల నిజమైనదే. దానివల్ల మా బస్తీలో ఎన్నో ఇళ్ళకు రెండో అంతస్తు పడింది.

కాకపోతే పనితో పాటు టైం ఆఫీసు ప్రయాణం చెయ్యలేదు. కొత్త చోట్లకు మిషన్లు వెళ్ళాయి, పనితనమూ వెళ్ళింది. మేకుల పలక పాత గోడకే ఉండిపోయింది. ఇప్పుడు కంపెనీ జాబితా ఒకటి, కాంట్రాక్టరు జాబితా ఇంకొకటి, బీహార్ నుంచో ఒడిశా నుంచో కుర్రాళ్ళను రైలెక్కించి తెచ్చిన మేస్త్రీ జేబులోని చీటీ మరొకటి. ఒకే మనిషి మూడింట్లోనూ ఉండొచ్చు, ఏ ఒక్కదాంట్లోనూ లేకపోనూ వచ్చు. చట్టం అంకెల చట్టమని చెప్పాను కదా, అంకెలకు అందకుండా తప్పుకోవడం కష్టమేమీ కాదు. కరెంటు వాడే చోట పదిమంది ఉంటే కార్ఖానా అని పాత చట్టం అన్నది. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక భద్రతా కోడ్ ఆ పదిని ఇరవై చేసింది. మా వెనక సందులో ఐదూ ఎనిమిదీ మనుషుల షెడ్లు పాత లెక్కలోనూ కార్ఖానాలు కావు. పన్నెండు మంది ఉన్న షెడ్డు నిన్నటిదాకా కార్ఖానా, ఇవాళ కాదు. అక్కడి గ్రైండింగ్ చక్రానికి ఈ సంగతి తెలియదు.

మౌలాలి నుంచి సికింద్రాబాద్ స్టేషను దాటుకుని కాస్త వెళ్తే బోయిగూడ. 2022 మార్చి 23, తెల్లవారుజాము. అక్కడో తుక్కు గోదాము. కింద సీసాలు, కాగితాలు, వైర్లు. పైన పన్నెండు మంది కుర్రాళ్ళు పడుకుని ఉన్నారు, అందరూ బీహార్ వాళ్ళే. పని చేసేదీ అక్కడే, నిద్రపోయేదీ అక్కడే. దిగడానికి ఒకే ఒక్క ఇనుప మెలికల మెట్లు. మంట లేచింది కింద, ఆ మెట్లు దిగేదీ ఆ మంటలోకే. కిటికీలోంచి దూకిన ఒక్కడు బతికాడు. పదకొండు మంది మిగల్లేదు. మంటలు ఆర్పడానికి వచ్చినవాళ్ళకు మొదట పైన మనుషులున్నారన్న సంగతే చెప్పేవాడు ఉండాలి కదా. తుక్కు గోదాముకు గేటు రిజిస్టరు ఏముంటుంది? తుక్కుకు మాత్రం తూకం చీటీ ఉంటుంది, కిలోలతో సహా.

ఆ పదకొండు శవపేటికలు విమానంలో వెళ్ళాయి. బతికుండగా జనరల్ బోగీలో నిలబడి వచ్చి ఉంటారు.

ఈ కొన్నేళ్ళలో ఇలాంటివి ఎన్ని జరిగాయో చెప్పుకుంటూ పోతే ఇది పంచాంగం అవుతుంది. విశాఖలో 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్ స్టైరీన్ ఆవిరి, అచ్యుతాపురంలో 2024 ఆగస్టు 21న ఎసెన్షియా పేలుడు. ఒకచోట నిద్రలో ఉన్న ఊరు, ఇంకోచోట మధ్యాహ్నం భోజనాల వేళలో ఉన్న కార్ఖానా. అచ్యుతాపురంలో 17 మంది పోయారు. ప్రతిసారీ టీవీలో అవే ముఖాలు, అదే ఎక్స్‌గ్రేషియా, అదే విచారణ కమిటీ.

2025 జూన్ 30, సోమవారం. పాశమైలారంలో సిగాచీ ఇండస్ట్రీస్. ఉదయం షిఫ్టు పనిలోకి దిగిన కాసేపటికి, తొమ్మిదిన్నర ప్రాంతంలో పేలింది.

అక్కడ తయారయ్యేది మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్. కర్ర గుజ్జును ఆమ్లంతో విడగొట్టి, ఆరబెట్టి చేసే తెల్లటి పొడి. మన మాత్రలో అసలు మందు కొన్నిసార్లు ఆవగింజంత కూడా ఉండదు. దానికి ఒడ్డూ పొడుగూ ఇచ్చి, నొక్కితే విడిపోకుండా, మింగితే కడుపులో విచ్చుకునేలా పట్టి ఉంచేది ఈ పొడే. బీపీ బిళ్ళ, షుగరు బిళ్ళ, జ్వరం బిళ్ళ, దేన్ని విరిచినా వేలికి అంటే తెలుపులో చాలాసార్లు ఇది ఉంటుంది. విషం కాదు, ఘాటు లేదు. చూసినవాళ్ళు గోధుమపిండి అనుకుంటారు.

పిండిలాగే ఉండటమే దాని ప్రమాదం. మొద్దును అంటించాలంటే కిరసనాయిలు పొయ్యాలి, ఊదాలి, ఓపిక పట్టాలి. అదే మొద్దును పొట్టు చేసి, పొట్టును పొడి చేసి, మూసిన గదిలో గాలిలోకి లేపితే ఒక్క నిప్పురవ్వ చాలు, గదంతా ఒకేసారి అంటుకుంటుంది. మొదటి పేలుడు చిన్నదే కావచ్చు. ఆ ఊపుకు దూలాల మీద, పైపుల మీద, కప్పు సందుల్లో నెలల తరబడి పేరుకున్న దుమ్ము కిందికి రాలి గాలిలో కలుస్తుంది. రెండోది అప్పుడు పేలుతుంది. భవనాలను పడగొట్టేది ఎక్కువసార్లు ఆ రెండోదే. 2008 ఫిబ్రవరిలో అమెరికాలోని జార్జియాలో ఓ చక్కెర కార్ఖానా ఇలాగే పేలి 14 మందిని తీసుకుపోయింది. చక్కెర! దీనికి విరుగుడు తెలియనిదేం కాదు. దుమ్మును పుట్టిన చోటే లాగేసే గొట్టాలుండాలి. డ్రయర్‌కు ఒత్తిడి పెరిగితే బయటికి విడిచే తలుపులుండాలి. దూలాల మీద దుమ్ము తుడవాలి. అన్నిటికన్నా చవకైనది ఒకటుంది. అక్కడ పని లేని మనుషులను ఆ దరిదాపుల్లో కూర్చోబెట్టకూడదు.

పేలుడు స్ప్రే డ్రయర్ దగ్గర జరిగిందని అధికారులు చెప్పారు. మూడంతస్తుల భవనం కుప్పకూలింది. మిషన్లు పాతబడ్డాయని, యాజమాన్యానికి పలుమార్లు చెప్పినా పట్టించుకోలేదని తన తండ్రి అనేవాడని, చనిపోయిన ఓ కార్మికుడి కొడుకు పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాడు. అది రుజువు కావాల్సిన ఆరోపణ. ఆ సంగతి కోర్టులు తేలుస్తాయి. నా మనసు పట్టుకున్నది వేరే సంగతిని.

తొలి గంటల్లో పది, పన్నెండు మంది అన్నారు. రాత్రికి ఇంకా పెరిగింది. మర్నాటికి ముప్ఫై దాటింది. ఆ తర్వాత నలభై దాటింది. శిథిలాల్లోంచి మనుషులు దొరుకుతున్నకొద్దీ సంఖ్య పెరగడం సహజమే. కానీ పేలినప్పుడు లోపల మొత్తం ఎందరున్నారన్న లెక్క కూడా మారుతూ వచ్చింది. ఇళ్ళవాళ్ళు ఫోన్లలో ఫోటోలు పట్టుకుని గేటు దగ్గరి నుంచి పటాన్‌చెరు ఆస్పత్రికి, ఆస్పత్రి నుంచి మార్చురీకి, మార్చురీ నుంచి మళ్ళీ గేటుకు తిరిగారు. బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి రైళ్ళు మారి వచ్చిన తండ్రులు, భార్యలు చెయ్యి చాచి రక్తం ఇచ్చి కూర్చున్నారు. డీఎన్ఏ కలిస్తే మనిషి, కలవకపోతే గల్లంతు. ఎవరు లోపలికి వెళ్ళారో గేటు చెప్పలేకపోయింది. ప్రయోగశాల చెప్పాల్సి వచ్చింది.

చివరికి 46 మంది చనిపోయినట్టు తేలింది. ఎనిమిది మంది జాడ దొరకలేదు. దొరికిన ఏ ముక్కా వాళ్ళ ఇళ్ళవాళ్ళ నెత్తురుతో కలవలేదు. వాళ్ళను కూడా మృతులుగానే లెక్కవేస్తే 54. ఇక ఇళ్ళకు వెళ్ళండి, మూడు నెలలు ఆగండి అని ఆ ఎనిమిది కుటుంబాలకు చెప్పి పంపారు. కోటి రూపాయల పరిహారం మాట ప్రభుత్వమూ చెప్పింది, కంపెనీ కూడా చెప్పింది. పిండం పెట్టడానికి ఓ తిథి కావాలి కదా. అది ఎవరు చెప్పాలి?

ఆ సోమవారం రాత్రి నేను మామ ఇంట్లోనే ఉన్నాను. టీవీ శబ్దం పూర్తిగా పెట్టుకుని, ముందుకు వంగి, కుడి చెవి అటు తిప్పి కూర్చున్నాడు. కింద ఎర్రటి పట్టీలో అంకెలు మారుతున్నాయి. లోపల ఎంతమంది ఉన్నారో ఇంకా స్పష్టత రావాల్సి ఉందని రిపోర్టర్ అన్నాడు. మామకు ఆ మాట సరిగా వినబడలేదేమో అనుకుని నేను మళ్ళీ గట్టిగా చెప్పాను.

"వినబడ్డదిరా," అన్నాడు. "గేటు కాడ టైం ఆఫీసు ఉంటది గద? ఆడ అడుగుమను."

"ఇప్పుడు అట్ల లేదు మామా."

"లేకుంటె ఎట్ల? మేకులు చూస్తె తెలుస్తది గదరా ఎవరున్నరో." నా వైపు తిరిగాడు. "అడుగుమను. పలక మీద ఎన్ని మేకులు ఖాళీ ఉన్నయో అడుగుమను."

అత్త లోపల్నుంచి వచ్చి టీవీ సౌండు తగ్గించింది. ఆయన గొంతు మాత్రం తగ్గలేదు. పక్కింటివాళ్ళు తలుపు తీసుకుని బయటికొచ్చి, ఏమైందమ్మా అని అడిగారు.